కాలితో విసిరే బంతి

కన్యకమ్మ బౌలింగ్ బంతిని మొదటిసారి పట్టుకున్నది యాభై ఆరో ఏట, కోడలు ప్రియాంక పుట్టినరోజున.

మిర్యాలగూడలో వాళ్లది పాత రైస్‌మిల్లు. ఆ రోజు కన్యకమ్మ, భర్త విశ్వేశ్వర్, కొడుకు శ్రీనాథ్, కోడలు నలుగురూ కారెక్కి సూర్యాపేట వెళ్లారు. బైపాస్ పక్కన కొత్త భవనం పై అంతస్తులో బౌలింగ్ పెట్టారని ప్రియాంక ఫోన్‌లో చూసిందట. లోపల నాలుగు లేన్లున్నాయి. ఒక్కొక్కటి అరవై అడుగుల నున్నటి చెక్కదారి. చివర పది తెల్లటి పిన్నులు ముక్కోణంగా నిలబడి ఉంటాయి. బంతిని దొర్లించి వాటిని పడగొట్టడమే ఆట.

విశ్వేశ్వర్ రెండు బంతులు వేసేసరికే పుట్టినప్పటి నుంచీ ఇదే ఆడుతున్నట్టు మోచేతుల దాకా చొక్కా మడిచేశాడు. బలమైన మనిషి. అరవై దాటినా బియ్యం బస్తాను ఒంటిచేత్తో పక్కకు జరుపుతాడు. అతను విసిరిన బంతి దడదడమని పోయి పిన్నులను చెల్లాచెదురు చేసింది. పైన తెర మీద వేగం కనిపించింది. గంటకు ఇరవై ఏడు కిలోమీటర్లు.

కన్యకమ్మ వంతు వచ్చింది. బంతికి మూడు బెజ్జాలున్నాయి. రెండు నడిమి వేళ్లకు, ఒకటి బొటనవేలికి. ఆమె కుడి బొటనవేలు రెండేళ్ల కిందట కారు తలుపులో నలిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు వంగడం మానేసింది. బెజ్జంలోకి దూరలేదు. ఇబ్బందిగా నవ్వి, రెండు వేళ్లు మాత్రం పెట్టి, ఎడమ అరచేతిని బంతికి ముందువైపు ఆనించి, రెండు చేతులతో ఒళ్లు పక్కకు తిప్పి వదిలేసింది.

బంతి తాపీగా బయల్దేరింది. సగం దారి దాకా కుడి పక్కనే పోయి, అక్కడేదో గుర్తొచ్చినట్టు ఎడమకు తిరిగి పిన్నుల మధ్యలోకి దూరింది. ఎనిమిది పిన్నులు పడ్డాయి. తెర మీద పదమూడు కిలోమీటర్లు.

"ఇగో, నీ బంతి ఆడికి పొయ్యేసరికి నేను కిందికి పోయి చాయ్ తాగొస్త," అన్నాడు విశ్వేశ్వర్. అందరూ నవ్వారు. కన్యకమ్మ కూడా నవ్వింది. కానీ ఆ బంతి తిరిగిన మలుపు ఆమెకు నచ్చింది. మళ్లీ చూడాలనిపించింది.

అప్పుడే పిన్నుల వెనకనుండే యంత్రాల గదిలోంచి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒకతను వచ్చాడు. పేరు హరిలాల్. త్రిపురారం దగ్గరి తండా మనిషి. హైదరాబాద్‌లో పదేళ్లు ఈ యంత్రాలే బాగుచేసి, ఇక్కడ మెకానిక్‌గా చేరాడు. తీరిక దొరికితే తనూ ఆడతాడు.

"అమ్మా, గట్ల రెండు చేతులతోని ఎయ్యమని మీకు ఎవరు చెప్పిన్రు?" అని అడిగాడు.

"ఎవరు చెప్తరు? వేలు వంగదు. తప్పా?"

"తప్పు కాదమ్మా. పెద్ద పెద్ద ఆటగాళ్లు ఇప్పుడు గిట్లనే ఏస్తున్నరు. బొటనవేలు పెట్టకుంటే బంతి మస్తు తిరుగుతది. మీకు తిరుగుడు వచ్చింది, స్పీడ్ రాలే. స్పీడ్ లేకుంటే బంతి పిన్నుల్ని తాకి పక్కకు జారుకుంటది, దూసుకొని పోదు. అది నేర్పితే వస్తది."

"ఈ వయసులనా?"

"కాళ్లు నడుస్తున్నయా లేదా?"

"నడుస్తున్నయి."

"ఇగ చాలు," అన్నాడు హరిలాల్.

ఆ తర్వాతి బుధవారం కన్యకమ్మ పొద్దున్నే వంట ముగించి చేతిసంచి తీసుకుంది. ఎక్కడికని భర్త అడిగితే సూర్యాపేటకంది. ఏం పనంటే "బంతి పని" అని చెప్పి బస్సెక్కింది.

బుధవారాలు పొద్దున్న అక్కడ ఎవరూ ఉండరు. హరిలాల్ మొదటి రోజు ఆమెకు బంతే ఇవ్వలేదు. గీతల మధ్య నడవమన్నాడు. ఐదు అడుగులు. మొదటి రెండూ నెమ్మదిగా, తర్వాతివి వడివడిగా. నాలుగో అడుగులో కుడికాలితో నేలను నెట్టి చిన్న దూకు దూకాలి. ఐదోది ఎడమకాలు. అది నేల మీద జారుతూ ముందుకు పోవాలి. అప్పుడు నడుం పైభాగం వంగి, కుడి భుజం కిందికి దిగి, బంతి మడమ పక్కనుంచి వెళ్లాలి. ఎడమచెయ్యి ఆఖరి క్షణం దాకా బంతిని వదలకూడదు.

"చీరతోని దూకుడు రాదమ్మా," అన్నాడు హరిలాల్ మొహమాటంగా.

మరుసటి బుధవారం ఆమె ప్రియాంక ట్రాక్ ప్యాంటు, పొడుగు కుర్తా వేసుకుని మెట్లు దిగింది. హాల్లో పేపరు చదువుతున్న విశ్వేశ్వర్ తలెత్తి చూసి, పేపరు దించి, మళ్లీ ఎత్తుకున్నాడు. దాని వెనక నుంచి "మంచిగున్నది" అన్న మాట వినపడింది. వెక్కిరింతో మెచ్చుకోలో ఆమెకు తెలియలేదు.

నెల గడిచింది. వేగం పదిహేడుకు వచ్చి ఆగిపోయింది. గట్టిగా వేద్దామని చేతులతో లాగితే బంతి పక్క గాడిలో పడేది. వీపు పట్టేసేది. హరిలాల్ తల అడ్డంగా ఊపేవాడు.

"చేతులతోని కాదమ్మా. స్పీడ్ కాళ్లల్ల ఉన్నది. ఆ నాలుగో అడుగు పడాలె."

ఆ నాలుగో అడుగే పడటం లేదు. దూకమంటే ఆమె అక్కడే పైకి ఎగిరి అక్కడే దిగేది. ప్రియాంక ఫోన్‌లో తీసిన వీడియో చూసుకుని కన్యకమ్మ తనే తలపట్టుకుంది. "వేడి పెనం మీద కాలు పడ్డ కోడి లెక్క ఉన్నా," అని నిట్టూర్చింది.

ఎండాకాలం కోతలై యాసంగి వడ్లు మిల్లుకు రావడం మొదలైంది. పెరట్లోని సిమెంటు కల్లంలో ఉడికిన వడ్లు ఆరబోశారు. కన్యకమ్మ పొద్దున్న ఎండెక్కక ముందే కల్లం ఓ మూలకు పోయి, చేతుల్లో గుమ్మడికాయ పట్టుకుని ఐదడుగులూ నడవడం మొదలుపెట్టింది. మూడో రోజు ఆ కాయ చేతిలోంచి జారి నేల మీద పగిలింది. వెనక కిసుక్కున నవ్వు.

జమ్లీ. నలభై ఐదేళ్ల మనిషి. త్రిపురారం వైపు తండా నుంచి రోజూ వచ్చి పద్దెనిమిదేళ్లుగా ఈ కల్లంలోనే పనిచేస్తోంది.

"సేటమ్మా, మూడు దినాల సంది సూస్తున్న. ఏం జేస్తున్నరు మీరు? మొక్కా?"

కన్యకమ్మకు సిగ్గేసింది. తర్వాత కూర్చుని మొత్తం చెప్పింది. బంతి, పిన్నులు, ఐదడుగులు, దూకు, పదిహేడు దగ్గర ఆగిన వేగం. జమ్లీ శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న అడిగింది.

"రెండు సేతులతోని పక్కకెల్లి ఇసురుడేనా?"

"అవును."

"గదేం పని సేటమ్మా. నేను పొద్దుగాలకెల్లి మాపటిదాంక చేసేది గదే."

ఆమె లేచి ఇనుప తట్టలో వడ్లు నింపింది. కుడి తుంటి పక్కకు పట్టుకుంది. రెండు అడుగులు వేసి, ఒళ్లు కిందికి వంచి, కుడికాలితో నేలను తన్నినట్టు నెట్టింది. తట్ట దానంతటదే లేచినట్టు లేచి, వడ్లు తలకన్నా ఎత్తున ఉన్న కుప్ప మీద కొసకు పోయి పడ్డాయి. చేతులు తొందర పడనేలేదు. అవి అన్నిటికన్నా చివర కదిలాయి.

"సేతులతోని ఇసిరితే పగటీలికే రెక్కలు పడిపోతయి. నేను కాలుతోని ఇసురుత," అంది జమ్లీ.

కన్యకమ్మ నోరు తెరుచుకుని చూసింది. పెళ్లై వచ్చిన ముప్పై నాలుగేళ్లుగా మేడ మీది వరండాలోంచి ఈ కల్లాన్ని చూస్తూనే ఉంది. వడ్లనే చూసింది గానీ ఆ కాలిని ఏనాడూ చూడలేదు.

"నాకియ్యి," అని తట్ట అందుకుంది.

మొదటిసారి వడ్లు ఆమె నెత్తి మీదే పడ్డాయి. కల్లంలో ఉన్న ఆడవాళ్లందరూ పారలు వదిలేసి నవ్వారు. రెండోసారి సగం కుప్ప మీద, సగం జమ్లీ మీద. "ఎగరకుండ్రి. నేలను ఎనకకు నెట్టుండ్రి. నేల పోదు గాబట్టి మీరే ముందుకు పోతరు," అని జమ్లీ ఆమె తుంటి మీద చెయ్యి పెట్టి తోసింది. నాలుగోసారో ఐదోసారో కుడికాలు నేలను నెట్టిన బలం తొడలోకి, నడుములోకి, అక్కడినుంచి చేతుల్లోకి పాకడం కన్యకమ్మకు స్పష్టంగా తెలిసింది. వడ్లు కుప్ప కొసకు పోయాయి.

"అబ్బా!" అని అరిచింది. ఆఫీసు కిటికీలోంచి విశ్వేశ్వర్ తల బయటపెట్టి, జుట్టు నిండా వడ్లతో ఉన్న భార్యను చూసి, తల లోపలికి తీసుకున్నాడు.

ఆ బుధవారం తెర మీద ఇరవై కనిపించింది. తర్వాత ఇరవై ఒకటి. హరిలాల్ చప్పట్లు కొట్టాడు.

"ఎట్ల దొరికిందమ్మా ఆ అడుగు?"

"నాకు నీ లెక్కనే ఇంకొక సారు దొరికింది," అంది కన్యకమ్మ.

వానాకాలం వచ్చి, వడ్లు అయిపోయి మిల్లు మూసిన రోజుల్లో ఒక బుధవారం ఆమె జమ్లీని వెంట తీసుకెళ్లింది. జమ్లీకి అద్దె బూట్లు తొడిగే సరికే పావుగంట పట్టింది. మొదటి బంతిని తట్టలాగే విసిరింది. అది గాల్లో పోయి ధబ్బున లేన్ మీద పడింది. హరిలాల్ పరుగెత్తుకొచ్చాడు.

"పైకి కాదక్కా, కిందికి! నేల మీద పెట్టినట్టు ఇడువాలె!"

తర్వాత ఇద్దరూ లంబాడీలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కన్యకమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో హరిలాల్ ఆమె వైపు చూసి ఏదో అన్నాడు. జమ్లీ పకపకా నవ్వింది.

"ఏమన్నడే నా గురించి?"

హరిలాల్ గాభరాగా చెయ్యి ఊపాడు గానీ జమ్లీ ఆగలేదు. "మీ అడుగు మంచిగ పడ్డదట సేటమ్మా. గానీ బంతి ఇడిసేటప్పుడు మీరు కండ్లు మూస్తరట. మూడు నెలల సంది మూస్తున్నరట."

కన్యకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "హరిలాల్! నాకెందుకు చెప్పలే?"

"పెద్దోళ్లు గదమ్మా... ఎట్ల చెప్పాల్నో తెల్వలే," అని అతను నేల చూశాడు.

"పెద్దోళ్లమే గానీ గుడ్డోళ్లం కావొద్దు గదా. చెప్పు. అన్నీ చెప్పు."

ఆ రోజు అతను మొహమాటం వదిలి అన్నీ చెప్పాడు. పిన్నుల వైపు చూడకూడదు, లేన్ మీద పదిహేను అడుగుల దూరంలో గీసిన బాణం గుర్తుల్లో ఒకదాన్ని చూడాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఎడమచెయ్యి తొందరగా తీసేస్తోంది, బంతి బరువంతా అప్పుడు కుడిచేతి మీద పడి వేగం చచ్చిపోతోంది. కన్యకమ్మ కళ్లు తెరిచి, రెండో బాణాన్ని చూస్తూ వేసింది. ఇరవై మూడు. పది పిన్నులూ పడ్డాయి. జమ్లీ ఆమెను నడుం పట్టుకుని గాల్లోకి లేపింది.

ఆగస్టు చివర్లో అక్కడే జోడీల పోటీ పెట్టారు. ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒక్కొక్కరు రెండు ఆటలు ఆడాలి. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఆ సంగతి విన్న విశ్వేశ్వర్ రాత్రి భోజనం దగ్గర ఉదారంగా అన్నాడు.

"సరే, మనిద్దరి పేర్లు రాయించు. నీ తిరుగుడు, నా స్పీడ్. ఎవ్వడు ఆగుతడు మన ముందల?"

"రాయించిన," అంది కన్యకమ్మ అన్నం వడ్డిస్తూ. "నాదీ జమ్లీదీ."

విశ్వేశ్వర్ చేతిలో ముద్ద ఆగింది. "జమ్లీ అంటే మన జమ్లీనా?"

"మన జమ్లీనే."

"మరి నేను?"

"మీకు శ్రీనాథ్ లేడా?"

శ్రీనాథ్ తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. ప్రియాంక నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

జమ్లీని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. "నలుగురిల నవ్వుతరు సేటమ్మా," అని రెండు రోజులు తప్పించుకుంది. "నా నెత్తి మీద వడ్లు పడ్డ నాడు మీరందరు నవ్వలేదా? నేను సచ్చిపోయిన్నా?" అని కన్యకమ్మ అడిగాక సరేనంది.

ఆదివారం పొద్దున్న పది గంటలకు పోటీ. పద్నాలుగు జోడీలు వచ్చాయి. కోదాడ నుంచి హిమజ అనే అమ్మాయి, వాళ్లన్న వచ్చారు. హిమజ కూడా రెండు చేతుల ఆటే. ఆమె అడుగులు పిల్లిలా మెత్తగా పడి, బంతి మాత్రం ఇరవై తొమ్మిదితో దూసుకుపోయింది. జమ్లీ చూసి "ఓ యాడీ!" అని తన భాషలో అమ్మను తలుచుకుంది.

మొదటి ఆటలో, శ్రీనాథ్‌తో జోడీ కట్టిన విశ్వేశ్వర్ దుమ్ము రేపాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ప్రతి బంతికీ భార్య వైపు ఒకసారి చూశాడు. కన్యకమ్మ ఇరవై మూడు దాటలేదు. జమ్లీ జనం వైపే చూస్తూ మూడు బంతులు గాడిలో వేసింది. "నడిచేది కల్లంల అనుకో," అని కన్యకమ్మ ఆమె చెవిలో చెప్పింది. తర్వాత జమ్లీ మళ్లీ గాడిలో వేయలేదు.

రెండో ఆటకు సంగతి మారింది. విశ్వేశ్వర్ భుజం అలసిపోయింది. అతను మొదటి నుంచీ చేతి బలంతోనే వేస్తున్నాడు. వేగం ఇరవై నాలుగుకు, తర్వాత పంతొమ్మిదికి పడిపోయింది. బంతి బలవంతంగా వేసినకొద్దీ పక్కకు పోయింది. కన్యకమ్మది మాత్రం ఆట మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే. ఇరవై మూడు, ఇరవై మూడు, ఇరవై మూడు. అయితే ఇంకో చిక్కు వచ్చింది. బంతి జారేందుకు లేన్ మీద పూసిన నూనె అన్ని బంతులు దొర్లేసరికి ఆరిపోయి, బంతి ముందుకన్నా ఎక్కువ తిరిగి ఎడమకు పోతోంది. హరిలాల్ పోటీ నడిపేవాళ్లతో ఉన్నాడు, అతన్ని అడగకూడదు. కన్యకమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నిలబడే చోటును రెండు చెక్కపట్టీల మేర ఎడమకు మార్చుకుంది. అక్కణ్నుంచి అదే బాణం మీదుగా వేస్తే బంతి ఇంకా కుడికి పోయి తిరుగుతుంది. నాలుగో అడుగును ఇంకొంచెం గట్టిగా నెట్టింది. ఇరవై ఐదు. బంతి సరిగ్గా పిన్నుల మధ్యకే వెళ్లింది. దూరంగా హరిలాల్ ఇటు చూడనట్టు నిలబడే, పిడికిలి బిగించి ఊపాడు.

ఆఖరి వంతు కన్యకమ్మది. మిగిలిన జోడీలన్నీ ముగించాయి. తెర మీద మొత్తాలు కనిపిస్తున్నాయి. హిమజ జోడీ ఐదు వందల ఒకటి. విశ్వేశ్వర్ జోడీ నాలుగు వందల ఎనభై నాలుగు. కన్యకమ్మ జోడీ నాలుగు వందల డెబ్బై ఐదు. ఆఖరి వంతులో పది పిన్నులూ ఒకేసారి పడితే ఇంకో రెండు బంతులు దొరుకుతాయి.

"పదీ పడితే సేటును దాటుతం," అంది జమ్లీ లెక్క వేసి.

కన్యకమ్మ ఊపిరి వదిలింది. రెండో బాణాన్ని చూసింది. ఒకటి, రెండు, మూడు... నేలను నెట్టింది. బంతి కుడి అంచు దాకా పోయి, తిరిగి, కొట్టింది. పదీ పడ్డాయి. ప్రియాంక కేకకు పక్క లేన్ వాళ్లు ఉలిక్కిపడ్డారు. విశ్వేశ్వర్ "అరెరె" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఇంకా రెండు బంతులు. రెండింట్లో కలిపి పదిహేడు పడితే కోదాడను కూడా దాటొచ్చు. ఆమె వేసింది. తొమ్మిది పడ్డాయి. కుడి చివర ఒక్క పిన్ను అటూ ఇటూ ఊగింది. పిన్ను ఊగి ఊగి నిలబడిపోయింది. మూడో బంతితో ఆమె దాన్ని కూడా పడగొట్టింది గానీ మొత్తం నాలుగు వందల తొంభై ఐదు దగ్గర ఆగింది. రెండో స్థానం.

హిమజ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "ఆంటీ, ఆ నాలుగో అడుగు ఎక్కడ నేర్చుకున్నారండీ? నాకు రెండేళ్లు పట్టింది."

కన్యకమ్మ పక్కకు చూపించింది. "ఈమెను అడుగు బిడ్డా."

జమ్లీ హిమజను అక్కడే నిలబెట్టి, లేని తట్టను తుంటికి ఆనించి చూపించడం మొదలుపెట్టింది. చుట్టూ పదిమంది చేరారు.

విశ్వేశ్వర్ భుజం రుద్దుకుంటూ భార్య దగ్గరకు వచ్చాడు. "పదకొండు పిన్నులు," అన్నాడు.

"అవును, పదకొండు."

"ఇరవై ఐదు ఏసినవ్ ఒకసారి. నేను సూసిన." ఆయన మొహంలో ఓడిన బాధ ఎక్కడా లేదు. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని తట్టి, "నా భార్య. యాభై ఆరేళ్లు," అని చెప్పాడు.

కన్యకమ్మకూ జమ్లీకీ కలిపి బహుమతిగా ఒకే కప్పు ఇచ్చారు. అది ముందు జమ్లీ ఇంటికే పోవాలని కన్యకమ్మ పట్టుబట్టింది. మరుసటి ఆదివారం అందరూ జమ్లీ తండాకు వెళ్లారు. ఇన్నేళ్లలో కన్యకమ్మ అక్కడికి రావడం అదే మొదలు. జమ్లీ భర్త తావుర్యా వాకిట్లో మంచాలు వేసి చాయ్ ఇచ్చాడు. చాయ్ తాగుతుండగానే ఆట చూపించమని ఆడవాళ్లు పట్టుకున్నారు. హరిలాల్ అరిగిపోయి పక్కన పెట్టేసిన ఒక బంతిని తెచ్చాడు. నీళ్ల సీసాల్లో ఇసుక పోసి, చదునుగా ఉన్న సిమెంటు బాట చివర పది నిలబెట్టారు.

కన్యకమ్మ వేసింది. జమ్లీ వేసింది. తర్వాత తండాలో ఒక్కొక్కరే వచ్చారు. కొందరు పరుగెత్తి వేశారు, కొందరు కూర్చుని వేశారు. జమ్లీ అత్త డెబ్బై ఏళ్ల మనిషి, చెరగు నడుముకు బిగించి, రెండు చేతులతో బంతిని ఊపి వదిలింది. ఏడు సీసాలు పడ్డాయి. ఈలలు, కేకలు.

"పక్కకు జరుగున్రి, పక్కకు!" అని అరుస్తూ విశ్వేశ్వర్ బాట చివరికి పరుగెత్తాడు. వంగి ఒక్కొక్క సీసానూ మళ్లీ నిలబెడుతూ, లెక్క సరిచూసుకుని, అక్కడినుంచే గట్టిగా కేకేశాడు. "ఆ, ఎయ్యున్రి! ఇంకెవరున్నరు?"